కిట్టంలో వెలసిన పచ్చమంటమ్మ

ఏనుగుమెట్ట దిగువన, ఏటి ఒడ్డున గంటలవీధి అనే ఊరు ఉన్నది. బస్సు దిగిన భక్తులు దారి అడగనక్కరలేదు. చెవులు పనిచేస్తే చాలు. వీధికి రెండు వైపులా నలభై కొలుములు, ప్రతి కొలిమి దగ్గరా టంగుమనే చప్పుడు. గుడిగంటలు, బడిగంటలు, ఎద్దుల మెడ గంటలు, పడవలకు కట్టే గంటలు, అన్నీ ఈ ఒక్క వీధిలోనే పోస్తారు. వీధి చివర పచ్చమంటమ్మ తల్లి కొలువై ఉన్నది. నవ్వుకోకండి గానీ, ఈ తల్లి అనుమానంలోంచి పుట్టింది.

పూర్వం ఇక్కడ కంచరివారి ఇళ్లు పన్నెండే ఉండేవి. వారిలో జగ్గాచారి పనిలో మొనగాడు. రాగిలో తగరం ఎంత కలపాలో, అచ్చు మట్టిని ఎన్నాళ్లు నానబెట్టాలో తనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని ఆయన నమ్మకం. అందువల్ల ఎవరైనా తన వాకిట నిలబడితే చాలు, లోహం మీద గోనెపట్టా కప్పేసేవాడు. ఎవరు దగ్గినా అది సైగ అనుకునేవాడు. ఎవరు పలకరించినా ఆరా అనుకునేవాడు.

అందరికంటే ఆయనకు ఎక్కువ అనుమానం ఎదురింటి గవరమ్మ మీద. ఆవిడ భర్త పోయిన తరువాత మైనంతో గంటల నమూనాలు చేసి బతికేది. రోజంతా అరుగు మీద కూర్చుని, చేతులు మైనాన్ని నలుపుతుంటే కళ్లు మాత్రం జగ్గాచారి కొలిమి మీద పెట్టేది. ఊరకే ఉంటుందా అంటే అదీ లేదు. వరస కలిపి పిలుస్తూ "అల్లుడా, కొంచెం తగ్గించు" అనేది. "ఇయ్యాల నీ మంట బాగులేదు, తిత్తి ఆపు" అనేది. జగ్గాచారి విసుక్కుంటూనే తిత్తి ఆపించేవాడు.

"నా మంటతో ఈవిడకేటి పని? కలిపే పాళ్లు కనిపెట్టడానికే ఈ కాపలా," అన్నాడు ఒకనాడు భార్య నూకాలమ్మతో.

"ఎదురుగా ఉన్నది కనపడదా మరి? కళ్లు మూసుకుని మైనం చెయ్యమంటావేటి?" అన్నది ఆ ఇల్లాలు. తిత్తి లాగేది ఆవిడే గనుక మొగుడి కోపం ఆవిడకు లెక్కలేదు.

ఇలా ఉండగా ఆ ప్రాంతపు జమీందారు కోటలోని ఆలయానికి నిలువెత్తు గంట కావలసి వచ్చింది. రాగి, తగరం బళ్ల మీద పంపి, చైత్ర పున్నమికి గంట మోగాలన్నాడు. అంత పెద్ద పని చేతికి రాగానే జగ్గాచారికి నిద్ర పట్టలేదు. సంతోషంతో కాదు, భయంతో. వారం తిరగకుండా కొలిమికి, వీధికి మధ్య రెండు నిలువుల మట్టిగోడ లేపాడు.

మొదటి గంట చల్లారుతూ చల్లారుతూ టప్పున పగిలింది. రెండోది పగలలేదు గానీ, కొడితే మట్టికుండ చప్పుడు చేసింది. మూడోదాని పెదవి వెంట జానెడు బీట. ప్రతిసారీ కరిగించేటప్పుడు కొంత లోహం తరుగు పోయి, చివరికి ఒక్క గంటకు సరిపడా మిగిలింది. ఇదీ పాడైతే కోట పని పోతుంది, పేరూ పోతుంది. గోడ కట్టినా ఇలా జరిగిందంటే గోడ అవతలి నుంచి ఎవరో ఏదో చేస్తున్నారని జగ్గాచారి తీర్మానించుకున్నాడు. ఎవరో ఏమిటి, గవరమ్మే!

ఆ మధ్యాహ్నం అన్నం తిని కునుకు తీస్తుండగా, పచ్చచీర కట్టిన పెద్దముత్తైదువ కలలో కనబడి, "జగ్గా, నీ గోడ నాకు అడ్డంగా ఉన్నదిరా. తీసెయ్యి" అన్నది. దిగ్గున లేచాడు.

"చూశావా! నిద్రలోకి కూడా మనుషుల్ని పంపుతోంది," అన్నాడు.

"అమ్మవారేమో!" అన్నది నూకాలమ్మ.

"అమ్మవారికి నా గోడతో ఏటి పని? గోడ తియ్యమనేది ఎవరు? గోడ అడ్డమైనవాళ్లే కదా!"

చూశారా, దేవత స్వయంగా వచ్చి చెప్పినా అనుమానం ఎలా అడ్డుపడిందో! అదే సాయంత్రం ఆయన కులపెద్ద దాలయ్యాచారి దగ్గర పంచాయితీ పెట్టించి, గవరమ్మ చేతబడి చేస్తున్నదని పదిమందిలో అన్నాడు.

"నాకు మంత్రాలే వస్తే ముందు నా మోకాళ్ల నొప్పి పోగొట్టుకోనా, అల్లుడా?" అన్నది గవరమ్మ. అందరూ నవ్వారు. జగ్గాచారి నవ్వలేదు. నాలుగో గంట పోసేంతసేపూ ఆవిడ తన కళ్ల ముందే కూర్చోవాలని, చేతులు మోకాళ్ల మీద పెట్టి పెదవి కదపకూడదని పట్టుబట్టాడు. పెదవి కదిపితే మంత్రం వేసినట్టే, వీధి విడిచి పోవాలి. దాలయ్యాచారి సరేనన్నాడు. గవరమ్మ "కానీండి" అన్నది.

అయితే ఆవిడను ఎక్కడ కూర్చోబెట్టాలి? లోపలికి రానిస్తే తూకపురాళ్లు చూస్తుంది, మట్టి ముట్టుకుంటుంది. ఆలోచించి ఆలోచించి ఆవిడను తన అరుగు మీదనే ఉండనిచ్చి, మధ్యలోని గోడను జగ్గాచారే తన గునపంతో పడగొట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే కొలిమి రాజుకున్నది. నూకాలమ్మ మంట వైపు వీపు తిప్పి తిత్తి లాగుతోంది. జగ్గాచారి లోహం కరిగే మూస పక్కన గొంతుకూర్చున్నాడు. ఒక కన్ను లోహం మీద, ఒక కన్ను గవరమ్మ పెదవుల మీద. వీధి వీధంతా అరుగులెక్కి చూస్తోంది. అంత దగ్గర కూర్చున్నవాడికి బొగ్గుల వెలుగే కళ్లనిండా ఉంటుంది. పైన మంట కొస ఏ రంగులో ఉందో కనపడదు. వేడి మితిమీరితే ఆ కొస ఆకులా పచ్చబడుతుంది. అప్పుడు పోసిన కంచు పగిలి తీరుతుంది. అది కనబడేది వీధి అవతల కూర్చున్నవారికే.

గవరమ్మకు కనబడింది. నోరు విప్పితే పుట్టి పెరిగిన వీధి పోతుంది. విప్పకపోతే గంట పోతుంది. ముసలి కళ్లు ఒకసారి తన గుమ్మం వైపు చూశాయి.

"అల్లుడా! పచ్చ కొడుతోంది! తిత్తి ఆపించు!"

వీధంతా గొల్లుమన్నది. జగ్గాచారి బుర్ర 'మంత్రం' అన్నది. చెయ్యి మాత్రం బుర్ర కోసం ఆగలేదు. ఇరవై ఏళ్లుగా ఆ గొంతు వినగానే లేచిన చెయ్యి అది. లేచి నూకాలమ్మ భుజం మీద పడింది. తిత్తి ఆగింది. మంట కొస మెల్లగా పసుపు తిరిగింది. అప్పుడు పోశారు.

మూడు రోజులకు అచ్చు పగలగొట్టి దాలయ్యాచారి కొయ్యసుత్తితో తాకించాడు. ఆ నాదం ఏటి అవతలి పొలాల్లో పనిచేసేవారిని నిలబెట్టేసింది. అది ఆగాక దాలయ్యాచారి ఇబ్బందిగా గొంతు సవరించుకుని, "మరి... గవరమ్మ నోరైతే విప్పింది. మాట మాటే కదా..." అన్నాడు.

జగ్గాచారి తలపాగా తీసి చేతబట్టుకున్నాడు. "పెద్దయ్యా, ఆవిడ పోతే నా మంట ఎవరు చూస్తారు? నేను చూసుకోలేనే!" అన్నాడు. దాలయ్యాచారి తలూపి ఆ షరతు అక్కడికక్కడే కొట్టేశాడు.

కొలిమి చల్లారాక అడుగున పేరుకున్న మడ్డిని, అంటే కిట్టాన్ని, గోకుతుంటే పచ్చని ముద్ద ఒకటి పైకి వచ్చింది. కాళ్లు ముడుచుకుని ఎదుటికి చూస్తున్న ముత్తైదువ రూపం అందులో స్పష్టంగా ఉన్నది. జగ్గాచారి గుర్తుపట్టి సాష్టాంగపడ్డాడు. నేడు గర్భాలయంలో పూజలందుకునేది ఆ మూర్తే.

అటుపైన వీధిలో ఎవరూ గోడ కట్టలేదు. పొద్దున ఒకరు కొత్తరకం నాలుక వేసిన గంట చేస్తే, సాయంత్రానికి ఎదురింటివాడు దానికంటే మేలుగా చేసేవాడు. తిట్టుకునేవారు, మర్నాడు మళ్లీ చూసుకునేవారు. మైనం చేసేవారు, మట్టి తెచ్చేవారు, సానబట్టేవారు ఒక్కొక్కరే వచ్చి చేరారు. పన్నెండు కొలుములు నలభై అయ్యాయి. ఇక్కడి గంటను కొనుక్కుపోయి అచ్చం అలాగే పోద్దామని దూరపు ఊళ్లవారు ఎందరో ప్రయత్నించారు. గంట తీసుకుపోగలిగారు గానీ, ఎదురింటిని తీసుకుపోలేకపోయారు.

ఈనాటికీ ఇక్కడ ఎదురింటివారు అరుగు మీద కూర్చోనిదే పెద్ద గంట పోయరు. కరెంటు కొలుములు వచ్చినా, వేడి చూపించే మీటర్లు వచ్చినా ఈ ఆచారం మానలేదు. చైత్ర పున్నమి తిరనాళ్లలో పోసిన గంటను మొదట మోగించే హక్కు, పోసినవారిది కాదు, చూసినవారిది.

తోడికోడలి మీద, వ్యాపారంలో భాగస్వామి మీద, ఇరుగుపొరుగు మీద అనుమానంతో నలిగిపోయేవారు ఈ తల్లిని సేవించి మనశ్శాంతి పొందుతున్నారు. మొక్కు తీర్చే విధానం సులువే. ఎవరిని అనుమానిస్తున్నారో వారిని వెంటబెట్టుకుని వచ్చి, అమ్మ ముందు వెలిగించిన దీపానికి అటు ఒకరు, ఇటు ఒకరు కూర్చుని, తమ వైపు నుంచి మంట ఎలా కనబడుతున్నదో ఒకరికొకరు చెప్పుకోవాలి. ఒంటరిగా వచ్చినవారికి దర్శనం, తీర్థప్రసాదాలు లభిస్తాయి. మొక్కు మాత్రం చెల్లదు.