కొట్టుగది తాళంచెవి మాయమైన ఆదివారం

“మాయమైపోయిందహో. నిజంగానే మాయమైపోయింది.”

ఆ కేక గానుగవీధి మొదట్లో పుట్టి చివరిదాకా వెళ్ళింది. గానుగ ఎద్దు ఒక్క క్షణం ఆగి చెవులు విదిల్చి, మళ్ళీ గానుగ చుట్టూ తిరగడం మొదలెట్టింది. వీధిలో ఒక్కరూ గడప దాటి బయటికి రాలేదు. ఎందుకొస్తారు? గవరయ్య ఇంట్లోంచి రోజుకి మూడు కేకలు రాకపోతేనే ఆ వీధివాళ్ళకి తోచదు.

ఆ ఇంట్లోవాళ్ళ మాట వేరు. తామంత తెలివైనవాళ్ళు ఆ చుట్టుపక్కల ఏడూళ్ళలో లేరని వాళ్ళ నమ్మకం. “ఎవరేం చెప్పినా మనం తు.చ. తప్పం. అదీ తెలివంటే,” అనేవాడు గవరయ్య. “మన తెలివి బయటికి పొక్కకూడదురా, దిష్టి తగులుతుంది,” అనేది వాళ్ళమ్మ అప్పాయమ్మ. పొక్కకుండా తలుపులు కూడా దగ్గరికి వేసేది.

కేకెట్టింది గవరయ్యే. నడివాకిట్లో నిలబడి, రెండు అరచేతులూ చాపి, వాటిని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. భార్య పోలమ్మ పొయ్యి దగ్గర్నించి పరిగెత్తుకొచ్చింది. తమ్ముడు సూరిబాబు అటక మీంచి దిగాడు.

“ఏం మాయమైందయ్యా?” అంది పోలమ్మ.

“కొట్టుగది తాళంచెవే. కళ్ళు మూసుకున్నాను, తొమ్మిది చుట్లు తిరిగాను, చెయ్యి వదిలేశాను. కళ్ళు తెరిస్తే లేదు. ఎక్కడికి పోయిందో నాకే తెలీదు. నన్ను నేనే మోసం చేసుకున్నానే.”

“అబ్బ, ఎంతటివాడివయ్యావు నాయనా,” అని అప్పాయమ్మ మెటికలు విరిచింది.

అసలు సంగతేమిటంటే, ఆ మధ్యాహ్నం ఆ ఇంటికి అల్లుడొస్తున్నాడు. గవరయ్య చెల్లెలు సీతాలు మొగుడు జగ్గారావు. మూడేళ్ళ కిందట ఒకసారి భోజనానికొచ్చి, రెండో ముద్ద తింటూ అల్లుళ్ళందరూ అనే మాటే అన్నాడు: “చాలు, చాలు.” అంతే. వీళ్ళు ఎదుటివాడి మాట తీసెయ్యని మనుషులు కదా, వెంటనే ముందున్న ఆకు ఎత్తేశారు. జగ్గారావు చెయ్యి ముద్ద కోసం కిందికి దిగి, ఒట్టి నేలని తాకింది. ఆకలితో లేచి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు, సీతాల్నీ పంపలేదు. మూడేళ్ళు. చెల్లెలి పీట గోడకి చేరేసి ఉంటే, గవరయ్య దాన్ని రోజూ తుడిచి మళ్ళీ చేరేసేవాడు.

ఇన్నాళ్ళకి ఉత్తరం వచ్చింది. “ఈ ఆదివారం పన్నెండు గంటల బస్సుకి వస్తున్నాం అన్నయ్యా. ఆయన్ని ఎలా ఒప్పించానో నాకే తెలుసు. ఈసారి కూడా ఆకు ముందునించి ఆకలితో లేస్తే, ఇంక ఈ జన్మకి మీ గడప తొక్కనని ఒట్టేశారు. నన్నూ తొక్కనివ్వరు. ఆయనకి గారడీ అంటే ప్రాణం, అది గుర్తుపెట్టుకో.”

గవరయ్య గుర్తుపెట్టుకున్నాడు. సోమవారం సంతకెళ్ళి పకోడీలు కొంటే, పకోడీలు చుట్టిచ్చిన కాయితం మీద ‘ఇంద్రజాలము నేర్చుకొను విధము’ అని ఉంది. మిగతా పుస్తకం ఏదయ్యా అంటే, పకోడీలవాడు అట్టలు లేని పదకొండు పేజీలు తీసి చేతిలో పెట్టాడు. ముందుమాట, నియమాలు మాత్రం ఉన్నాయి. గారడీలన్నీ ఎప్పుడో పకోడీలతోపాటు ఊళ్ళమీదికి వెళ్ళిపోయాయి.

“నియమాలుంటే చాలదా? నియమాలు తెలిసినవాడికి గారడీలెంత?” అన్నాడు గవరయ్య.

ఇంకేముంది, ఇంటిల్లిపాదీ నియమాలు బట్టీ పట్టేశారు. చేయబోవు వింతను ముందుగా ఎవరికిని చెప్పరాదు. ఒకే సభ యెదుట ఒకే వింతను రెండవమారు చేయరాదు. రహస్యమును కన్నతల్లికైనను తెలుపరాదు. చూపరుల చూపును వేరొకవైపునకు మళ్ళింపవలెను. అన్నిటికన్నా గొప్పది చివరిది: నిన్ను నీవే మోసపుచ్చుకొనువరకు అద్దము ముందు అభ్యసింపవలెను.

ఆ అద్దం దగ్గర మాత్రం చిన్న చిక్కొచ్చింది. సూరిబాబు గరిటె మాయం చెయ్యడం సాధన చేస్తూ, “అన్నయ్యా, అద్దంలోవాడు మన రహస్యమంతా చూసేస్తున్నాడు. పైగా వాడి దగ్గరా ఒక గరిటె ఉంది,” అన్నాడు. గవరయ్య ఆలోచించి అద్దాన్ని గోడవైపు తిప్పేశాడు. “ఇప్పుడు అద్దం ముందే ఉన్నాం, వాడికీ కనపడం,” అన్నాడు. ఆ తెలివికి పోలమ్మ ఆ రోజు రెండుసార్లు మురిసిపోయింది.

సరే, తాళంచెవి దగ్గరికొద్దాం.

“మాయం చేశావు, బాగుంది. మరి బియ్యం, పప్పు కొట్టుగదిలో ఉన్నాయి. చెవి రప్పించు,” అంది పోలమ్మ.

“ఎక్కడుందో తెలిస్తే నేను మోసపోనట్టే కదే. ఇంత కష్టపడి మోసపోయింది ఇందుకా?”

అదీ నిజమే అనిపించింది అందరికీ. తలుపు సంగతి వదిలేసి, నిచ్చెన వేసి, కొట్టుగది కప్పు మీద పెంకులు ఊడదీశారు. ఇరవయ్యో పెంకుకి మనిషి పట్టేంత కన్నమైంది. సూరిబాబు అందులోంచి లోపలికి దూకాడు. బియ్యం మూటకట్టి పైకి విసిరాడు, పప్పు విసిరాడు, ములక్కాడలు విసిరాడు. అన్నీ అయ్యాక, “మరి నన్నెవరు విసురుతారు?” అన్నాడు లోపల్నించి.

పైవాళ్ళు ఆలోచించడం మొదలెట్టారు. పావుగంట తర్వాత సూరిబాబుకి విసుగొచ్చి తలుపుకి చేరగిలబడ్డాడు. తలుపు తెరుచుకుంది. గొళ్ళానికి తాళం వేలాడుతోంది గానీ, గొళ్ళెం పెట్టనేలేదు.

“చూశావా, తాళం వెయ్యకపోబట్టి సరిపోయింది. లేకపోతే పెంకులు ఊడదీసినా లాభం లేకపోయేది,” అన్నాడు గవరయ్య. అందరూ ఒప్పుకున్నారు.

ఈ లోపల అప్పాయమ్మ అరుగు మీద రాచ్చిప్పలో నానబెట్టిన చింతపండు పిసకడానికి కూర్చుంది. “ఈ ఏడు చింతపండులో పిక్క ఎంత పొడుగుందే, పళ్ళు కూడా ఉన్నాయి దీనికి,” అంది.

“ఉండనీ అత్తా, ఉడికితే అదే మెత్తబడుతుంది,” అని పోలమ్మ పిక్కతో సహా పులుసుకుండలో పోసేసింది.

పులుసు కలుపుదామంటే గరిటె లేదు.

“సూరీ, గరిటె ఎక్కడ దాచావురా?” అంది అప్పాయమ్మ.

సూరిబాబు మొహం చిన్నబోయింది. “నీకు చెప్పకూడదమ్మా. ఇంకెవరికైనా చెప్పొచ్చేమో గానీ, నీకు అసలు కుదరదు. కన్నతల్లి అని వరస చెప్పి మరీ రాశారు.”

“పోనీ నాకు చెప్పు,” అంది పోలమ్మ.

“చెప్తాను వదినా, అమ్మకి వినపడకూడదు.”

అంతే. అప్పాయమ్మని వీధి చివర గానుగ దగ్గర నిలబెట్టి వచ్చారు. పోలమ్మ చెవి ఒగ్గింది. సూరిబాబు అటూ ఇటూ చూసి, “అమ్మ నడుం వెనకాల, చీరలో దోపాను,” అన్నాడు.

ఇంకేముంది, ముగ్గురూ గానుగ దగ్గరికి పరుగో పరుగు. ఎందుకొచ్చారో అమ్మకి చెప్పకూడదాయె. గవరయ్య ఆకాశంలోకి వేలు చూపించి, “అమ్మా, అదిగో కాకి,” అన్నాడు. అప్పాయమ్మ తలెత్తింది. పోలమ్మ గరిటె లాగింది.

“ఏదిరా కాకి?”

“అయిపోయిందమ్మా, ఇంక చూడనక్కర్లేదు.”

“కనపడకుండా అయిపోవడమేమిట్రా, ఉండు,” అని ఆవిడ ఇంకాసేపు వెతికి గానీ ఇంటికి రాలేదు.

పన్నెండు దాటగానే జగ్గారావు, సీతాలు వచ్చారు. సీతాలు గుమ్మంలో అడుగుపెట్టి, గోడకి చేరేసిన తన పీటని చూసి, కొంగుతో కళ్ళొత్తుకుంది. గవరయ్య గబగబా ఆ పీట వాల్చాడు. జగ్గారావు మాత్రం కాళ్ళు కడుక్కుని, మీసం సవరించుకుని, ముభావంగా కూర్చున్నాడు.

“ఏమిటి బావా, వంటలేం చేయించావు?” అన్నాడు కాసేపటికి, మాట కలపాలని.

“చెప్పకూడదు బావగారూ.”

“పోనీ, భోజనాలెప్పుడు?”

“అదీ చెప్పకూడదు. చేయబోయేది ముందుగా ఎవరికీ చెప్పరాదు.”

జగ్గారావు భార్యకేసి చూశాడు. “అసలు పెడతారా?”

“అడక్కండి, మావాళ్ళు మంచివాళ్ళు,” అంది సీతాలు.

మొత్తానికి అరుగు మీద ఆకు వేశారు. అప్పాయమ్మ పొద్దున్నే అందరికీ గట్టిగా చెప్పి ఉంచింది: ఈసారి అల్లుడు చాలు అన్నాడంటే నమ్మొద్దు. జగ్గారావు “చాలత్తయ్యా” అన్నాడు. ఆవిడ వడ్డించింది. “చాలు చాలు” అన్నాడు. ఇంకా వడ్డించింది. అన్నం గడ్డందాకా వచ్చింది. జగ్గారావు మొహంలో మూడేళ్ళ తర్వాత చిన్న నవ్వు కనపడింది. “నేర్చుకున్నారర్రా,” అన్నాడు.

ఆ నవ్వు చూశాక గవరయ్య ఆగలేకపోయాడు. గారడీ చూపించే ముహూర్తం ఇదే అనుకుని, తమ్ముడికి కన్ను గీటాడు.

“బావగారూ, అదిగో కాకి.”

జగ్గారావు తలెత్తాడు. “కాకి సరే, ఆ గది కప్పుమీద పెంకులేవీ?”

ఆయన ఆ కన్నాన్ని చూసి ఆశ్చర్యపోతున్నంతలో, సూరిబాబు ఆకుని అన్నంతో సహా లాగి, పక్కనున్న కోళ్ళగంప కిందికి తోసేశాడు. జగ్గారావు తల దించాడు. ముందు ఒట్టి నేల.

జగ్గారావు నేలని తడిమి చూసి, వెనక్కి తిరిగి చూసి, పకపకా నవ్వాడు. “భలే. భలే మాయం చేశారు. ఇంక రప్పించండి, ఆకలి దంచేస్తోంది.”

సూరిబాబు ఠీవిగా గంప ఎత్తాడు. నున్నటి ఆకు, దాని మీద నిలబడి ముక్కు తుడుచుకుంటున్న కోడిపెట్ట.

“అన్నయ్యా, నేను కూడా మోసపోయాను,” అని సూరిబాబు ఎగిరి గంతేశాడు.

“పోన్లెండి,” అన్నాడు జగ్గారావు, “ఇంకో ఆకు వేసి మళ్ళీ వడ్డించండి.”

అప్పాయమ్మ ఆకు పరిచి గరిటె ఎత్తింది. గవరయ్య ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

“ఆగమ్మా. బావగారు తింటే ఆకు మీద అన్నం ఏమవుతుంది?”

“అయిపోతుంది.”

“అంటే మాయమవుతుంది. ఆకు మీద అన్నం మాయమవడం ఇప్పుడే ఒకసారి అయింది. ఒకే సభ ఎదుట రెండోమారు చెయ్యరాదు.”

జగ్గారావు ముందు ఆకుని చూశాడు, తర్వాత గరిటెని, తర్వాత బావమరిదిని. నవ్వు పోయింది. మెల్లిగా లేచి కండువా దులుపుకున్నాడు.

“పద సీతాలూ. రెండింటికి బస్సుంది.”

గవరయ్య అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు. చెల్లెలి పీట మళ్ళీ గోడకి చేరబోతోంది. అన్నం పెట్టాలని ఉంది, నియమం ఒప్పుకోదు. నియమం తప్పితే ఇంటి తెలివంతా గంగలో కలిసిపోతుంది. “బావగారూ, మీరలా వెళ్ళిపోతే నా పళ్ళెంలో అన్నం కూడా నాకు దిగదు,” అన్నాడు, కళ్ళనీళ్ళతో.

సీతాలు ఆ ఇంటి ఆడపడుచే కదా. అత్తారింట్లో మూడేళ్ళుగా ఆ తెలివి వాడక మూలపడింది గానీ, ఎక్కడికి పోతుంది? ఠక్కున అంది: “సభ ఎదుట కదన్నయ్యా కూడనిది? సభ అటు తిరిగితే సరి.”

గవరయ్య చెల్లెల్ని కావలించుకున్నంత పనిచేశాడు.

“అటు తిరగడమేమిటి?” అన్నాడు జగ్గారావు.

“మీరు కూర్చోండి, అన్నం వస్తుంది,” అంది సీతాలు. అన్నం మాట వినేసరికి, ఎంత కోపంలో ఉన్నా ఆయన మోకాళ్ళు వాటంతటవే వంగాయి.

అరుగు మీద ఆరాకులు వేశారు, ఒక్కోటి ఒక్కో గోడవైపు, గోడ లేనిచోట స్తంభంవైపు. కుండలన్నీ మధ్యలో పెట్టారు. ఎవరి మొహం ఎవరికీ కనపడకుండా కూర్చుని, వెనక్కి చెయ్యి చాపి ఎవరికి వాళ్ళు వడ్డించుకోవడం. సూరిబాబు అన్నమనుకుని రెండుసార్లు వదిన జడ పట్టుకున్నాడు. అప్పాయమ్మకి పప్పు అందక మజ్జిగ, మజ్జిగ మీద మళ్ళీ మజ్జిగ పడింది. అయితేనేం, తింటున్నారు.

గవరయ్య మాత్రం ముద్ద కలిపి పట్టుకుని కూర్చున్నాడు. వెనకాల జగ్గారావు నములుతున్న చప్పుడు వినపడుతోందా లేదా అని చెవి అక్కడే ఉంది. ఇదేనా ఆఖరి భోజనం?

కటుక్కు.

“బావా,” అంది జగ్గారావు గొంతు, “ఈ ములక్కాడ ఎంతసేపు నమిలినా పిప్పి రావడంలేదేం?”

“ముదురుదేమో బావగారూ.”

“ముదురు కాదు, ఇనుము.” నోట్లోంచి తీసి చూసినట్టున్నాడు. “ఇది తాళంచెవి.”

మిగతా అయిదు ముద్దలు అయిదు చేతుల్లో ఆగిపోయాయి. గవరయ్య నియమం మర్చిపోయి గిర్రున వెనక్కి తిరిగాడు. “మా కొట్టుగది తాళంచెవే. పొద్దున్న మాయం చేసింది.”

జగ్గారావు కళ్ళు పెద్దవయ్యాయి. “పొద్దున్న నీ చేతిలో మాయమై, మధ్యాహ్నం నా నోట్లో తేలిందా? నేను గోడకేసి తిరిగి కూర్చుంటే? ఎలా చేశావయ్యా?”

“నాకే తెలీదు బావగారూ.”

“ఆఁ. అసలైన గారడీవాడు అనే మాట అదే,” అని జగ్గారావు తొడ చరుచుకున్నాడు. “ఇంతకాలం కనికట్టులెన్నో చూశాను, ఇలాంటిది చూడలేదు. సీతాలూ, సంచి లోపల పెట్టు. పదిరోజులు ఉంటున్నాం. ఈ విద్య నేర్చుకోకుండా నేను కదలను.”

గవరయ్య పొద్దుటినించి మొదటి ముద్ద అప్పుడు నోట్లో పెట్టుకున్నాడు. అది మజ్జిగలో కలిపిన పులుసన్నమో, పులుసులో కలిపిన మజ్జిగో ఆయనకి తెలీలేదు. అమృతంలా ఉంది.

“మరి తాళంచెవి ఏం చేద్దాం? మళ్ళీ పోతే?” అంది పోలమ్మ.

గవరయ్య నమలడం ఆపి ఆలోచించాడు. “ఇల్లంతా ఉండగా అది దొరికిందెక్కడ? పులుసులో. ఇంక మీదట ఎక్కడుందని వెతుక్కునే పని లేదు, పులుసులోనే ఉంచుదాం.”

“నిజమే,” అంది అప్పాయమ్మ. “అవును సుమా,” అన్నాడు జగ్గారావు కూడా. తాళంచెవిని శుభ్రంగా తుడిచి, తన చేత్తో కుండలో వేసి, మూతపెట్టాడు.

ఆ తర్వాత ఆరుగురూ ఎవరి గోడకి వాళ్ళు తిరిగి, రెండో వడ్డనకి వెనక్కి చేతులు చాపారు.