రాణిగారిని ఆపిన రేవు చావడి

సముద్రానికి మొహం పెట్టి కూర్చున్న రాజ్యం ఒకటి ఉండేది. దాని పేరు వలకపురి. ఆ ఊరి మగాళ్ళలో సగంమంది ఓడల మీదో, దీవుల్లోనో పని చేసేవారు. రాజుగారి మిరియాల బస్తాలు మోసేది వాళ్ళే, రాజుగారి ఓడలు బాగుచేసేది వాళ్ళే. కోట గోడకు ఏటేటా సున్నం పడుతోందంటే అది వాళ్ళ చెమటే.

దూరదేశంలో ఏళ్ళ తరబడి ఉన్నవాడు అక్కడి పిల్లను మనువాడితే తప్పేముంది? కానీ వలకపురిలో ఒక శాసనం ఉండేది. పరదేశపు భార్యను రేవు దాటించాలంటే, మొగుడు అంతకుముందు మూడేళ్ళు రాజ్యం విడవకుండా ఇక్కడే ఉండి ఉండాలి. తాళి తన చేత్తోనే కట్టి ఉండాలి. అంతే, రెండు ముక్కలు. పరదేశంలో పనిచేసేవాడు ఇక్కడ మూడేళ్ళు ఎలా ఉంటాడు? ఇక్కడే ఉన్నవాడు అక్కడి పిల్లను ఎలా పెళ్ళాడతాడు? అది రాసినవాడు ఒక్కనాడూ ఓడెక్కిన పాపాన పోలేదు.

రాజు పేరు ఉదగ్రసింహుడు. చెడ్డవాడు కాదు గానీ, ముందు మీసం వచ్చేది, వెనక మనిషి వచ్చేవాడు. ఆయన కొలువులో పోలన్న అనే ముసలి మాటకారి ఉండేవాడు. కొలువును నవ్వించడం అతని ఉద్యోగం.

ఒకరోజు పోలన్న రేవు చావడి ముందునుంచి పోతుంటే ఒకడు పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. వాడు ఎర్రయ్య. ఓడ పలకల సందుల్లో కొబ్బరిపీచు కూరి, నీళ్ళు కారకుండా చేసే పనివాడు. ఐదేళ్ళుగా లవంగదీవిలో రాజుగారి ఓడలకే ఆ పని చేస్తున్నాడు.

"మామా, నువ్వు రాజుగారి దగ్గర మనిషివి. ఒక్క మాట చెప్పు. నా పెళ్ళాన్ని ఆరు రోజులుగా చావడిలో కూర్చోబెట్టారు. ఎల్లుండి గాలి మళ్ళగానే అదే ఓడలో వెనక్కి పంపేస్తారట!"

"నువ్వూ ఎక్కి పోరా."

"ఓడల పని ముగించి, ఇక్కడే ఉండిపోదామని వచ్చాను. మళ్ళీ పోతే ఆ మూడేళ్ళు ఇంకెప్పుడు పూర్తవుతాయి? పోకపోతే అది ఒక్కత్తే అక్కడ కనాలి."

పోలన్న లోపలికి చూశాడు. గోడవారన పాత చెక్కబల్ల. దాని మీద నిండు గర్భిణి, ఒళ్ళో మూట పెట్టుకుని కూర్చుంది. పేరు సెరాయి. వచ్చిన భాషలో నాలుగు ముక్కలు కూడదీసుకుని, "తాతా, మంచినీళ్ళు," అంది.

నీళ్ళ ముంత అందిస్తూ పోలన్న బల్ల వైపు చూడలేకపోయాడు. ఆ బల్ల అతనికి తెలుసు. ముప్పై ఐదేళ్ళ కిందట, దీవుల్లో తెరచాపలు కుట్టే రోజుల్లో, అక్కడ మనువాడి తెచ్చుకున్న అతని పెళ్ళాం మెయిలా పదకొండు రోజులు దాని మీదే కూర్చుంది. రోజుకొకటి చొప్పున ఆల్చిప్పతో బల్ల చివర గీతలు గీసింది. పన్నెండో రోజు ఓడ ఆమెను తీసుకుపోయింది. పోలన్న మూడేళ్ళ గడువు పూర్తిచేసి కబురు పంపాడు. దీవిలో ఆమె ఉండే ఇంట్లో వేరేవాళ్ళు ఉంటున్నారని ఓడవాళ్ళు జవాబు తెచ్చారు. ఆ తరవాత ఏ కబురూ లేదు.

పోలన్న సరాసరి కొలువుకు పోయాడు.

"ప్రభూ, రేవులో ఒక ఆడకూతురు ఉంది. శాసనం కాస్త సడలించండి."

రాజు మీసం దువ్వాడు. "శాసనం తలుపు గొళ్ళెం కాదు, కావాల్సినప్పుడు తియ్యడానికి! మా తండ్రిగారు రాయించిన తాటాకు అది. నా ఇంటివాళ్ళకైనా అదే. అది తప్పి లోపలికి వచ్చిన ఆడదాన్ని ఒక్కతెను చూపించు, ఇప్పుడే చింపేస్తాను. చూపించలేకపోతేనో?"

"ఈ తలపాగా మీ కాళ్ళ దగ్గర పెట్టి ఊరు విడిచి పోతాను. రేపు ఒక్కరోజు రేవు అధికారం నాకిప్పించండి."

కొలువంతా పకపకా నవ్వింది. రాజు నవ్వుతూనే ఉంగరం తీసి విసిరాడు.

మర్నాడు పొద్దెక్కాక రేవులోకి ఒక ఓడ వచ్చింది. రాణి హైమవతి తమ్ముడి పెళ్ళికని పుట్టింటికి వెళ్ళి తిరిగొస్తోంది. ఆమె పుట్టిల్లు ఉత్తరాన, వేరే రాజ్యంలో ఉంది. మేళతాళాలు మోగాయి. పల్లకి చావడి ముందుకు రాగానే పోలన్న అడ్డంగా నిలబడ్డాడు.

"అమ్మా, తమరిది ఏ దేశం?"

రాణి తెర తొలగించింది. "ఏం పోలన్నా, ఎండ దెబ్బ తగిలిందా?"

"రేవు అధికారిని తల్లీ. పరదేశపు ఆడవాళ్ళను అడక్క తప్పదు. తమ మెళ్ళో తాళి ఎవరు కట్టారు?"

రాణి ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. తరవాత చావడిలో బల్ల మీద కూర్చున్న గర్భిణిని చూసింది. ఆమెకు అర్థమైంది.

"కత్తి," అంది.

నిజమే. పన్నెండేళ్ళ కిందట పెళ్ళినాటికి రాజు పరదేశంలో యుద్ధంలో ఉన్నాడు. రాజుల ఇళ్ళలో వాడుకే గనక, తన బదులు కత్తిని పంపాడు. కత్తిని పీట మీద నిలబెట్టి, దాని మొనకు తగిలించిన తాళిని ముత్తయిదువులు పెళ్ళికూతురి మెళ్ళో వేశారు.

"అయితే ఆ బల్ల మీద కూర్చోండి తల్లీ. మొగుడికి కబురు పెడతాను."

రాణి పల్లకి దిగి, వెళ్ళి సెరాయి పక్కన కూర్చుంది. ఊరంతా రేవు మీద పడింది. రాజు గుర్రం మీద రొప్పుతూ వచ్చాడు.

"పోలన్నా! నీ తల తీయిస్తాను!"

"సాయంత్రం తీయించండి ప్రభూ. పొద్దుగూకేదాకా అధికారం నాది. మీరు ఈమెకు ఏమవుతారు?"

"మొగుణ్ణి!"

"ఈమె మెళ్ళో తాళి మీ చేత్తో కట్టారా?"

"కత్తి కట్టింది! కత్తి అంటే నేనే!"

"సరే, మీరే. ఈమె ఈ రేవులో మొదటిసారి దిగేనాటికి, అంతకుముందు మూడేళ్ళు మీరు రాజ్యం విడవకుండా ఉన్నారా?"

"ఎలా ఉంటాను? అప్పటికి రెండేళ్ళుగా పరదేశంలో యుద్ధం చేస్తున్నాను! దేశం పనిమీద పోయాను!"

పోలన్న చెయ్యి చాచి ఎర్రయ్యను చూపించాడు. "వీడూ మీ పనిమీదే పోయాడు ప్రభూ. మీరు ఏ ఓడలో యుద్ధానికి పోయారో ఆ ఓడ మునగకుండా పీచు కూరింది ఇలాంటివాళ్ళే. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్యా?"

రాజు రాణి వైపు చూశాడు.

రాణి పెదవి బిగబట్టి అంది: "పెళ్ళయ్యాక ఏడాదిపాటు ఆ కత్తితోనే కాపురం చేశాను. మంచి మొగుడే. ఎదురు మాట్లాడేది కాదు."

రాజు మీసం కింద ఏదో కదిలింది. ముందు దగ్గాడు. తరవాత ఆపుకోలేక గుర్రం మెడ పట్టుకుని నవ్వాడు. శాసనం తాటాకు తెప్పించి, అందరి ముందూ రెండు ముక్కలు చేశాడు. రాణి సెరాయి చెయ్యి పట్టుకుని గడప దాటించింది. ఎర్రయ్య మొహం కప్పుకుని ఏడ్చాడు.

"పోలన్నా, ఏం కావాలో కోరుకో," అన్నాడు రాజు.

"ఆ బల్ల ఇప్పించండి."

"పుచ్చిన బల్లా? తీసుకుపో. ఇంతకీ ఈ తిరకాసు నీకెప్పుడు తట్టింది?"

"రాణిగారు మొదటిసారి ఈ రేవులో దిగిన రోజునే ప్రభూ. పన్నీరు చల్లింది నేనే."

"మరి పన్నెండేళ్ళూ ఏం చేశావు?"

"మిమ్మల్ని నవ్వించాను. నోటి నిండా మీ అన్నం ఉండేది, మాట పెగల్లేదు."

రాజు నవ్వు ఆగింది. తన శాలువా తీసి ముసలివాడి భుజాల మీద కప్పి వెళ్ళిపోయాడు.

ఎర్రయ్య ఒకవైపు, పోలన్న ఒకవైపు పట్టుకుని బల్లను ముసలివాడి ఇంటికి చేర్చారు. ఎర్రయ్య వెళ్ళాక పోలన్న దాన్ని వెలుతురులోకి జరిపి, చివరన వేలితో తడిమాడు. మెయిలా గీసిన పదకొండు గీతలు అరిగినా, ఇంకా ఉన్నాయి.

అక్కడున్నవి అవే కాదు. వాటి పక్కన ఏడు. కింద పద్నాలుగు. అంచు పొడుగునా, బల్ల అడుగున కూడా, మేకుతో గీసినవి, గాజుముక్కతో గీసినవి, గోటితో గీసినవి. కొన్ని పాతబడి నల్లబడ్డాయి. చాలావాటిలో చెక్క ఇంకా తెల్లగానే ఉంది.

తెల్లగా ఉన్నవాటిని పోలన్న ఒక్కొక్కటే తడుముతూ కూర్చున్నాడు. అవి పెద్ద రాజుగారి నాటివి కావు. తాను నవ్విస్తూ గడిపిన పన్నెండేళ్ళవి.