గుండయ్యను దించే చోటు

ఒకప్పుడు బండలకు కాళ్ళుండేవి. సాయంత్రమైతే కొండమీది బండలన్నీ మందలాగా లోయలోకి దిగి నీళ్ళు తాగి వెళ్ళేవి. అవి నడుస్తుంటే ఏనుగులు పక్కకు తప్పుకుని దారిచ్చేవి.

వాటిలో అన్నిటికన్నా పెద్దది గుండయ్య. నోరు అంతకన్నా పెద్దది. పొద్దున సూర్యుడు తన నెత్తికి తగిలి బొప్పి కట్టించుకున్నాడని చెప్పేవాడు. పొట్టిబండ అని ఇంకొకడు ఉండేవాడు. వాడు ఎప్పుడూ ఏమీ చెప్పేవాడు కాదు.

ఆ లోయలోనే సుంకులక్క మేకలు కాసేది. మోకాలంత గడ్డి దొరికినా చాలు, కొండంత మోపు కట్టి నెత్తిన పెట్టుకుని పరిగెత్తగల మనిషి. ఆ ఏడు వాన లేదు. ఏరు ఎండింది. చేటంత ఊట ఒకటే మిగిలింది. ఆమె మేకలన్నీ దానిమీదే బతుకుతున్నాయి.

ఇంతలో గుండయ్య శిఖరమెక్కాడు. పోయే మబ్బును మెడ పట్టుకుని లాక్కొస్తానన్నాడు. ఎగిరాడు. మబ్బు కాస్త పక్కకు జరిగింది. గుండయ్య కింద పడి, దొర్లుతూ నేరుగా ఊటవైపు రాసాగాడు. ఆ దెబ్బకు కాళ్ళు ఊడి ఏ లోకంలో పడ్డాయో తెలియదు. పులులు చెట్లెక్కాయి. చూడాలని మిగతా బండలు జాతరలో జనంలాగా ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కాయి.

ఊట పక్కన పొట్టిబండ నీళ్ళు తాగుతున్నాడు. సుంకులక్క వాడిని పిలిచి అడ్డం నిలబడమంది. ఉత్త నెత్తిన బరువెత్తుకుంటే పుర్రె పగులుతుందని ఆమెకు తెలుసు. తన గడ్డిమోపు కిందుండే చుట్టకుదురు తీసి వాడి నెత్తిన పెట్టింది. మరుక్షణం గుండయ్య వచ్చి దానిమీద కూర్చున్నాడు. పొట్టిబండ మోకాళ్ళదాకా నేలలో దిగబడ్డాడు. ఊటమీద ఒక్క మట్టిపెళ్ళ కూడా పడలేదు.

"కావాలనే ఆగాన్లే," అన్నాడు గుండయ్య.

అతడి మాట ఎవరూ పట్టించుకోలేదు.

నెత్తిన కుదురు పెట్టిన చెయ్యే బరువు దించాలని ఆ కొండ కట్టుబాటు. దారిన పోయేవాళ్ళు చెయ్యేస్తే మోసేవాడికి అవమానం. అందుకని పొట్టిబండ ఆమెనే అడిగాడు.

"అక్కా, ఇంక దించు."

సుంకులక్క చుట్టూ చూసింది. అంతా వాలే. ఎటు దించినా గుండయ్య దొర్లి ఊటమీదే పడతాడు.

"యాడ దించేది నాయనా? నీళ్ళు మూసుకుపోతాయి. చదునైన చోటు వెతికొస్తా. అందాకా కదలొద్దు."

ఆ మాట వాడికి చెప్పిందే. కానీ నేల అదిరితే వాడి నెత్తిన బరువు జారుతుందని కొండంతటా బండలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఒకదానిమీద ఒకటి ఎక్కినవి అలాగే ఉండిపోయాయి.

సుంకులక్క కొండలన్నీ గాలించింది. మోకాళ్ళు అరిగాయి, జుట్టు నెరిసింది. రోజూ సాయంత్రం వచ్చి ఇవాళా దొరకలేదని చెప్పేది. ఒకనాడు వచ్చి వాడి పక్కన కూలబడింది. పొట్టిబండే మాట్లాడాడు.

"తొందరేముందక్కా. కింద నీళ్ళు వినబడుతూనే ఉన్నాయిగా."

మర్నాడు ఆమె రాలేదు. ఆ తరవాతా రాలేదు. వాన మాత్రం వచ్చింది. మేకలు పిల్లల్ని పెట్టాయి. చుట్టకుదురు ఎండకు ఎండి, వానకు తడిసి, మెల్లగా రాయైపోయింది. బండల కాళ్ళు నేలలో కలిసిపోయాయి.

అప్పటినుంచే బండలు నడవడం మానేశాయి. ఆ కొండల్లో రాతిమీద రాయి, రెండింటి నడుమ పలచని పలక, ఇప్పటికీ అలాగే ఉన్నాయి. కొండ చూడవచ్చినవాళ్ళు పైరాయి కింద చెయ్యి పెట్టి, తామే మోస్తున్నట్టు ఫొటో దిగుతారు. అక్కకు చోటు దొరికిందేమోనని పొట్టిబండ ప్రతిసారీ ఊపిరి బిగబట్టుకుంటాడు. చెయ్యి వెనక్కి పోతుంది. కింద ఊట పారుతూనే ఉంటుంది.