రెండో కుండ నీళ్ళు

అనంతార్యులు గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు అడిగిన ప్రశ్న మంచిదని తోస్తే వెంటనే జవాబు చెప్పేవారు కాదు, ఏదో ఒక పని పురమాయించేవారు. పని ముగించుకొని వచ్చాక అదే ప్రశ్న మళ్ళీ అడిగినవాళ్ళు తక్కువ.

ఆయన ఆశ్రమం కొండల నడుమ, ఒక వాగు ఒడ్డున ఉండేది. అక్కడ నేత, అద్దకం సాగేవి. అద్దకం పని సుధీంద్ర అనే శిష్యుడు చూసుకునేవాడు. అతను ఎర్ర రంగు వేయించిన శాలువలను దేశవిదేశాల మిత్రులు ఇష్టంగా తెప్పించుకునేవారు. ఒక వేసవిలో అతనికి విదేశం నుంచి ఉత్తరం వచ్చింది. భూమిని కాపాడుకోవడం గురించి అక్కడ పెద్ద సభ జరుగుతుందనీ, అతను వచ్చి మాట్లాడాలనీ, అతిథులకు కప్పడానికి మూడు వందల శాలువలు కూడా కావాలనీ అందులో రాశారు. సుధీంద్ర సంతోషంగా గురువు దగ్గరికి వెళ్ళాడు.

"అయ్యవారూ, నేను ఒక్క దేశానికే కాదు, లోకమంతటికీ చెందినవాణ్ణని ఆ సభలో చెప్పాలనుకుంటున్నాను. ఆ మాట అనే అర్హత మనిషికి ఎప్పుడు వస్తుంది?"

గురువు ఉత్తరం చదివి తిరిగి ఇచ్చారు. "మన వాగు దిగువన జీలుగుమెట్ట అని ఒక గూడెం ఉంది. అక్కడి సోములమ్మ నన్ను రమ్మని రెండేళ్ళుగా కబురు పెడుతోంది. నేను వెళ్ళలేకపోయాను. నా బదులు నువ్వు వెళ్ళి మూడు రోజులు ఉండి రా."

పొద్దున్నే బయలుదేరిన సుధీంద్ర మధ్యాహ్నానికి గూడెం చేరాడు. ఆశ్రమం నుంచి వచ్చాడని తెలియగానే సోములమ్మ ఎదురొచ్చి కాళ్ళకు నీళ్ళిచ్చింది. ఆమె భర్త గంగయ్య కొత్త చాప పరిచాడు. రెండేళ్ళ కిందట గంగయ్యను పాము కరిస్తే ఆశ్రమం జీపులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అతను బతికాడు. ఆ ఇంట్లో అందరికీ ఆశ్రమం పేరు చెబితే చేతులు వాటంతట అవే జోడవుతాయి. కోడలు భీమమ్మకు ఏడో నెల. ఆమె సిగ్గుపడుతూనే రాగి సంకటి, చింతచిగురు పప్పు వడ్డించి, చెంబుతో నీళ్ళు తెచ్చి పెట్టింది. ఎండన పడి వచ్చిన సుధీంద్రకు ఆ నీళ్ళు అమృతంలా అనిపించాయి.

"ఇంత మంచి నీళ్ళు మా ఆశ్రమంలో కూడా లేవమ్మా" అన్నాడు. సోములమ్మ ముఖం వెలిగిపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేని సమయంలో అతనికి దాహం వేసింది. మూలన రెండు కుండలు ఉన్నాయి. చేతికి అందిన దాంట్లో చెంబు ముంచాడు. నోటి దగ్గరికి తెచ్చుకోగానే ఒక ఘాటు వాసన తగిలింది. వెలుతురులోకి వచ్చి చూస్తే నీళ్ళలో లేత ఎరుపు జీర. అది ఏ రంగో, ఎగువన ఎవరి అద్దకం పాక నుంచి వాగులో కలిసి వచ్చిందో అతనికి ఒకరు చెప్పాల్సిన పని లేదు.

అప్పుడే గుమ్మంలోకి వచ్చిన సోములమ్మ పరుగున వచ్చి చెంబు లాక్కుంది. "అది కాదు బాబూ! అది మా కుండ."

"మరి నాకు ఇస్తున్నవి ఏ నీళ్ళమ్మా?"

గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. గుట్ట మీద ఒక సన్నని ఊట ఉంది. రోజంతా కలిపి ఒక్క కుండే ఊరుతుంది. కడుపుతో ఉన్న మనిషని ఆ నీళ్ళు కోడలికి ఇస్తున్నారు. మిగతా అందరికీ వాగు నీళ్ళే, గుడ్డలో వడకట్టుకొని.

"మరి ఈ మూడు రోజులూ భీమమ్మ ఏం తాగింది?"

"మూడు రోజులకేం కాదులే బాబూ. నువ్వు మా ఇంటికొచ్చినోడివి."

"మా దగ్గరికి వచ్చి ఒక్క మాట చెప్పకపోయారా?"

"ఎట్లా చెప్పేది? మా ఇంటాయన్ని బతికించినోళ్ళు మీరు. మీ మీద మాట అనడానికి నోరు రాలేదయ్యా."

ఆ సరికి భీమమ్మ ఒక చేయి నడుముకు ఆనించుకొని, నెత్తిన కుండతో గుట్ట దిగి వస్తోంది. సుధీంద్ర ఎదురువెళ్ళి కుండ అందుకున్నాడు. ఆమె కాళ్ళకు దండం పెట్టబోతే ఆమె గాభరాపడి వెనక్కి జరిగింది. ఆ పూట అతను రెండో కుండలోని వాగు నీళ్ళే అడిగి తాగాడు.

తిరిగి వచ్చాక అతను గురువు దగ్గరికి పోలేదు. నేరుగా అద్దకం పాకలోకి వెళ్ళి కాగుల కింద మంట ఆర్పేశాడు. సంగతి తెలిసి గురువు అక్కడికే వచ్చారు. అంతా విన్నారు.

"వాగు ఎర్రబడటం నేనూ చూశాను. పోగా పోగా తేటపడుతుందిలే అనుకున్నాను" అని, ఆయనే ముందుగా పార అందుకున్నారు.

అందరూ కలిసి వాగులో పేరుకున్న రంగు మడ్డిని తవ్వి ఎత్తారు. నీళ్ళు తేటపడేదాకా ఆశ్రమం బావి నీళ్ళు రోజూ జీపులో గూడేనికి వెళ్ళాయి. అద్దకం పనివాళ్ళు మగ్గాల మీదికి మారారు. శాలువలు పంపలేమనీ, కారణం ఇదనీ సుధీంద్ర విదేశీ మిత్రులకు ఉత్తరం రాశాడు. రంగు లేని బట్టే చాలని వాళ్ళు జవాబిచ్చారు. ఒకావిడ మాత్రం, తమ ఊరి మురుగునీరు దిగువన ఎవరి ఇంటికి చేరుతోందో చూడటానికి తానూ బయలుదేరుతున్నానని రాసింది. సుధీంద్ర సభకు వెళ్ళి, రాసుకున్న ఉపన్యాసం పక్కన పెట్టి, భీమమ్మ తనకు నీళ్ళిచ్చిన సంగతి చెప్పి కూర్చున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత ఆశ్రమానికి వెళ్ళిన నాకు ఈ సంగతంతా సుధీంద్ర గారే చెప్పారు. "నా జన్మలో అంత పెద్ద దానం ఎవరూ నాకు చేయలేదు" అన్నారు.

వానలు పడి వాగు పూర్తిగా తేటపడ్డాక, భీమమ్మకు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. పిల్లకు మూడో నెల రాగానే ఇంటిల్లిపాదీ ఒక గంప సీతాఫలాలతో ఆశ్రమానికి వచ్చారు. వాగు బాగుచేసి ఇచ్చారని, చల్లగా ఉండమని సోములమ్మ అదే పనిగా దండాలు పెడుతోంది. సుధీంద్రకు తలెత్తుకోవడం కష్టమైంది. గురువును పక్కకు తీసుకెళ్ళి అడిగాడు.

"వాళ్ళ నీళ్ళు పాడుచేసింది మనం. దానికి కూడా మనకే దండం పెడుతున్నారు. నేనేం చెప్పాలి అయ్యవారూ?"

గురువు సోములమ్మ వైపు చూశారు.

"నువ్వేమీ చెప్పకు. ఆవిణ్ణి కూర్చోబెట్టి, ఇంకా ఏమేం చెప్పకుండా ఊరుకుందో అడుగు."