రెండు వరుసల జీడితోట

త్రినాథ మాస్టారికి ఒక పాడు అలవాటు ఉండేది. ఎవరు ఏది అడిగినా ఆ రోజు జవాబు చెప్పేవారు కాదు. ఉద్దానంలో జీడిమామిడికి అంటు కట్టడం ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళం ఓ నలభై మందిమి ఉంటాం, అందరం ఆ అలవాటుని తిట్టుకున్నవాళ్ళమే. సూటిగా చెప్పేస్తే ఈయన సొమ్మేం పోయిందని నేనే ఎన్నిసార్లు గొణుక్కున్నానో లెక్కలేదు. ఇప్పుడాయన లేరు. తిట్టుకోవడానికైనా ఉంటే బాగుండును అనిపిస్తుంది.

మా అందరిలోకీ చురుకైనవాడు ఢిల్లేసు. ఓ ఏడు తుపానుకి అతని నాలుగెకరాల తోటా వేళ్ళతో సహా పడిపోయింది. మళ్ళీ వెయ్యాలి. జీడి చెట్టంటే వంగ మొక్క కాదు కదా, ఈ ఏడు నచ్చకపోతే పై ఏడు పీకి పారెయ్యడానికి. ముప్పయ్యేళ్ళు దాని కిందే బతకాలి. రకం తప్పితే బతుకే తప్పుతుందని అతనికి బెంగ. పాపం, తిండీ నిద్రా మానుకుని తిరిగాడు. కరపత్రాలు చదివాడు, నర్సరీల వాళ్ళని అడిగాడు, జీడిపప్పు బట్టీల వాళ్ళని అడిగాడు, కనబడ్డ ప్రతి రైతునీ ఆపి అడిగాడు. చివరికి ఓ కొత్త రకం మీద మనసు పడింది. పప్పుండే పిక్క పెద్దది, కాపు విరగబడి వస్తుంది, నెలా పదిహేను రోజుల్లో మొత్తం రాలిపోతుంది. ఊ అనిపించుకుందామని మాస్టారి దగ్గరకి వచ్చాడు.

"నాలుగెకరాలూ ఇదే ఎయ్యమంటారా, మాస్టారూ?"

మాస్టారు నేల సంగతి అడగలేదు, నీళ్ళ సంగతి అడగలేదు. ఇంట్లో ఎందరున్నారని అడిగారు. తనూ, భార్య దమయంతీ, అంతేనన్నాడు ఢిల్లేసు. కాపు రోజుల్లో మా వైపు కూలీలు దొరకరు, ఎవరి తోటలో వాళ్ళే తలమునకలుగా ఉంటారు. మాస్టారు ఆ కొత్త రకం తన తోటలో ఒక వరుస ఉందనీ, పక్క వరుసలో పాత రకం ఉందనీ, దాని పిక్క చిన్నదనీ, మూడు నెలల పైన నిదానంగా రాలుతుందనీ చెప్పారు. రెండు వరుసల్లోనూ పన్నెండేసి చెట్లు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వచ్చి పదిహేను రోజులు ఉండాలి, కొత్త వరుస అతనిది, పాత వరుస ఆమెది, రాలిన పిక్క నేల మీద తెల్లారకూడదు. ఇదీ ఆయన పెట్టిన షరతు. ముసలాయనకి చాకిరీ చేసేవాళ్ళు కావలసి వచ్చిందని నేను మనసులో అనుకున్నాను. అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఏప్రిల్‌లో వచ్చారు. కొత్త వరుస నాలుగో రోజుకల్లా ఊపందుకుంది. ఏ చెట్టు కింద చూసినా ఎర్రగా పళ్ళే. ఒక్కొక్కటీ వంగి తియ్యాలి, పండుని మెలిపెట్టి పిక్కని వేరు చెయ్యాలి, బుట్టలో వెయ్యాలి, మళ్ళీ వంగాలి. సాయంత్రానికి ఆరు బుట్టలు నిండేవి. అటు దమయంతి వరుసలో ఒక్క బుట్టే. ఢిల్లేసు ముఖం వెలిగిపోయేది. ఆరింటికీ ఒకటికీ పోలికేమిటని, అంటు పని మీద అక్కడే ఉన్న మాతో రోజూ అనేవాడు. మాస్టారు వక్క నములుతూ వినేవారు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం మబ్బు పట్టి వాన మొదలైంది. తడిసిన పిక్క నల్లబడుతుంది, దేనికీ పనికిరాదు. ఢిల్లేసు బుట్టలు కప్పడానికి పాక లోపలికి పరిగెత్తాడు. తిరిగి వచ్చి అలాగే నిలబడిపోయాడు. అతని వరుస చివర, ఆరో బుట్ట దగ్గర, దమయంతి వానలో వంగి పిక్కలు ఏరుతోంది. ఒక చెయ్యి నడుం మీద ఉంది. నిటారుగా అవుదామని చూసి, కాలేక, అలాగే వంగి పక్క చెట్టు కిందకి జరిగింది. రోజూ తన వరుస పొద్దున్నే ముగించుకుని ఆమె ఇటే వచ్చేది. ఢిల్లేసుతో సహా మేమంతా చూస్తూనే ఉన్నాం, ఎవరికీ అదొక సంగతిగా తోచలేదు. ఆరు బుట్టల్లో మూడు ఆమెవే.

ఢిల్లేసు ఆమె చేతిలోంచి బుట్ట లాక్కుని పాకలో కూర్చోమన్నాడు. మిగిలింది ఒక్కడే ఏరడం మొదలుపెట్టాడు. పొద్దు వాలేసరికి సగం వరుస కూడా అవలేదు. మిగతాదంతా బురదలో కూరుకుపోయింది. తడిబట్టలతోనే వచ్చి పాక అరుగు మీద మాస్టారి మంచం దగ్గర చతికిలబడ్డాడు. కళ్ళనిండా నీళ్ళు. వాడి మీద నాకు అంత ప్రేమ అంతకు ముందెన్నడూ కలగలేదు.

రకంలో ఏ వంకా లేదన్నాడు. తనకే బుద్ధి లేకపోయిందన్నాడు. తరవాత మళ్ళీ అదే ప్రశ్న అడిగాడు. "ఇంతకీ ఏ రకం ఎయ్యమంటారు, మాస్టారూ?"

ఈసారైనా చెబుతారని మేమంతా దగ్గరగా జరిగాం. అరుగు చివర దమయంతి జీడి సొనకి పొక్కిన వేళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటోంది. మాస్టారు అటు చూశారు.

"నన్నడుగుతావేటిరా? వంగింది నేనా?"