నాలుక కింద బెల్లం

చెరకు గానుగ దగ్గర ఆ ఏటికి ఆఖరి వంట అయిపోయింది. పెనానికి అంటుకున్న బెల్లం గోకి అరటాకులో పడేసి, మనుషులు కాలవ అవతలికి భోజనాలకు వెళ్లారు. గుంజకు కట్టేసిన ఎద్దు పోలయ్య, కాపలా కుక్క పైడిగాడు ఆకు ముందు చేరారు. పైడిగాడికి బెల్లమంటే ప్రాణం.

అంతలో చెరకు పిప్పి కుప్ప మీద నక్క ప్రత్యక్షమైంది. పైడిగాడు గుర్రుమన్నాడు.

"ఆగు అల్లుడూ! కోళ్ల కోసం రాలేదు. ఎవరి సంతోషం ఎంతసేపు నిలుస్తుందో కొలవడానికొచ్చాను."

"సంతోషాన్నా? ఎలాగ కొలుస్తావు?"

"నోట్లో బెల్లం పెట్టుకో. ఈ కుప్ప నీడ పాక గుమ్మం దాకా పాకేవరకూ నోరు తెరవకు. అంతసేపు తీపి నిలబెట్టుకున్నావంటే ఊళ్లో నీ అంత సుఖపడ్డవాడు లేనట్టే. తెరిచావా, ఓడిపోయావు."

పోలయ్య ఓ ముక్క అందుకుని, చప్పరించి, గుటుక్కున మింగేశాడు.

"అయ్యో మావా, అప్పుడే అయిపోయిందా నీ సంతోషం?" అని నక్క జాలిపడింది.

"బాగుంది, తినేశాను. ఇంకేటి చెయ్యాలి?"

పైడిగాడు మాత్రం పెద్ద ముక్క నాలుక కింద దాచుకుని, కళ్లు మూసుకుని, తోక కూడా కదపకుండా కూర్చున్నాడు. పిచ్చి సన్నాసి, వాడి ముఖం చూస్తే ముద్దొచ్చేది.

"ఆహా, ఏం నిలకడ!" అంటూనే నక్క కుప్ప పక్కకి జారుకుంది. అక్కడ సన్నమ్మ అనే పెట్ట పిల్లల్ని మేపుకుంటోంది. మరుక్షణం పసుపుపచ్చ పిల్లొకటి నక్క నోట్లో ఉంది.

"పైడీ! నా బిడ్డరా! అరవరా!" అని సన్నమ్మ గోలపెట్టింది.

పైడిగాడు కళ్లు తెరిచాడు. అంతా చూశాడు. అయినా నోరు తెరవలేదు. "ఊఁ ఊఁ" అన్నాడంతే. ఇక అరిచేవాడు లేడని నక్క తీరిగ్గా తోట వైపు నడక సాగించింది.

పోలయ్య తాడు తెంచుకోబోయాడు, తెగలేదు. రంకె వేశాడు, కాలవ దాటి వినిపించలేదు.

"ఒరే పైడీ, నోట్లో ఇంకా బెల్లముందేట్రా?"

"ఊఁ."

"నాలుక కదిపి చూడు!"

కదిపాడు. ఏమీ లేదు. ఎప్పుడు కరిగిపోయిందో ఏమో, ఇంతసేపూ వాడు కాపాడుకున్నది ఉత్త ఉమ్మి.

పైడిగాడు భౌమని ఒక్క గెంతు గెంతి నక్క తోక కరిచాడు. నక్క కుయ్యోమని నోరు తెరిచింది. పిల్ల కిందపడి తల్లి రెక్కలోకి దూరిపోయింది. నక్క చెరకు తోటలో పడి పరుగు లంకించుకుంది.

"కోపమా పిన్నీ?" అన్నాడు పైడిగాడు, తలెత్తకుండా.

"కోపమే. ఇలా రా," అని సన్నమ్మ వాడి మూతికంటిన నక్క వెంట్రుకలు ముక్కుతో ఏరిపెట్టింది.

"నీకు తీపి ఇష్టం లేదేటి మావా? అంత తొందరగా మింగేశావు," అని పైడిగాడు పోలయ్యనడిగాడు.

"ఎందుకు లేదురా! ఎంత బాగుందో. అయిపోయాక, అయిపోయిందని తెలిసింది. అంతే."

నీతి: కరిగిపోయిన తీపికి కాపలా కాస్తూ కూర్చుంటే, కళ్లెదుట ఉన్నది నక్క పాలవుతుంది.