వరహాలు పీట

ఊ కొట్టేవాళ్ళుంటేనే చెప్తాను. ఏటికింకా పేరు పెట్టని రోజుల్లో, అనగా అనగా ఒక ఉప్పురేవు. ఆ రేవులో వరహాలు అనే మనిషి. వెన్నెల్లో ఉప్పుకుప్పలు ఎలా మెరుస్తాయో, నవ్వితే అలా మెరిసేది. పడవలవాళ్ళు డబ్బిచ్చి ఆమెతో పడుకుని పోయేవారు. అదే ఆమె బతుకుతెరువు.

ఆ పని చేస్తోందని ఊరికి బాధ లేదు. ఏడవకుండా చేస్తోందనే బాధ.

ఒకనాడు పెద్దలు తేల్చేశారు. "ఎందుకు చేస్తోందో కనుక్కోండి. జాలిపడే కారణముంటే ఉండనిద్దాం. లేదా గుడిసె పీకేసి ఏరు దాటించేద్దాం."

గుడిసె పోతే వరహాలుకి ఇంకేం లేదు. గుమ్మంలో పీట వేసి కాచుకుంది.

మొదట మునసబు వచ్చాడు. "ఎవడే నిన్ను మోసం చేసింది?"

"ఎవరూ చెయ్యలేదు బాబూ. కూర్చోండి, చెప్తాను."

"పాపం, పేరు చెప్పడానికి భయం!" అంటూ నిలబడ్డ కాళ్ళ మీదే వెళ్ళిపోయాడు.

తర్వాత పురోహితుడి భార్య వచ్చింది, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని. "పోయిన జన్మలో ఏం పాపం చేశావే?"

"ఈ జన్మ సంగతి చెప్తాను. కూర్చోండమ్మా."

"కర్మ, కర్మ!" అంటూ నిలబడ్డ కాళ్ళ మీదే వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పాటలు కట్టే కుర్రాడొచ్చాడు. కళ్ళనిండా నీళ్ళు. "వరహాలూ, ఏ రాజకుమారుడి కోసం ఇలా అయిపోయావు?"

"రాజకుమారుడా! మన రేవుకి ఎండుచేపల పడవ తప్ప ఏమొచ్చింది నాయనా? కూర్చో, చెప్తాను."

"అమ్మో, పాట మరిచిపోతాను!" అంటూ అతనూ నిలబడ్డ కాళ్ళ మీదే వెళ్ళిపోయాడు.

వరహాలు తల బాదుకుంది. "అడుగుతారు, పోతారు! ఆ మాత్రానికి అడగడం దేనికి, నా తలకాయ!"

అంతలో గాజులమ్మే పోలమ్మ వచ్చింది. ముసలిది, మోకాళ్ళ నొప్పులు. పీట కనబడగానే గంప దించి చతికిలబడింది.

"ఇంతకీ ఎందుకే పిల్లా?"

"ఉప్పుమళ్ళలో చేశానత్తా. కాళ్ళు పుళ్ళు పడ్డాయి. మేస్త్రీ నా ఇష్టం అడగలేదు. మునసబుగారింట్లో అంట్లు తోమాను. చేతులు పుళ్ళు పడ్డాయి. అయ్యగారూ అడగలేదు. మనువాడాను. మొగుడూ అడగలేదు. ఇక్కడ తలుపు గడియ నా చేతిలో ఉంది. వద్దనుకుంటే తియ్యను. సుఖమా అంటే కాదు. ఉన్నవాటిలో ఇది ఏరుకున్నాను."

"అంతేనా?"

"అంతే."

"ఓసినీ, దీనికింత గొడవా! మజ్జిగుంటే కాస్త పొయ్యి."

మజ్జిగ తాగి, పీట గంపలో పెట్టుకుని, వరహాలుని వెంటేసుకుని పోలమ్మ పెద్దల దగ్గరికి పోయింది. పీట మధ్యలో వేసింది.

"వెళ్ళగొట్టేవాళ్ళు ముందు దీని మీద కూర్చోండి. ఈ పిల్ల అంతా చెప్తుంది. ఎవరింట్లో ఏం జరిగిందో పేర్లతో సహా చెప్తుంది."

ఒక్కరూ కూర్చోలేదు. మునసబుకి ఇంటి దగ్గర ఏదో పని గుర్తొచ్చింది. ఆయన వెనకే మిగతావాళ్ళకీ గుర్తొచ్చింది. గుడిసె జోలికి మళ్ళీ ఎవరూ రాలేదు.

వరహాలు ఆ గుడిసెలోనే ముసలిదై, లోపల గడియ వేసుకుని నిద్రలో పోయింది. పీట మిగిలింది.

ఇప్పటికీ ఆ రేవులో ఎవరైనా నిలబడి "ఎందుకిలా చేశావ్?" అని అడిగితే, పీట తెచ్చి వేస్తారు. కూర్చున్నవాళ్ళకి చెప్తారు. కూర్చోనివాళ్ళకి మంచినీళ్ళిచ్చి పంపేస్తారు.

కథ ఏరు దాటింది. కూర్చుని విన్నారు గనక, ఇక లేవచ్చు.